రెండు దీపాలు తగ్గిన బొమ్మ

"పాలగిన్నె మూత ఎక్కడే?" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

పిచ్చుక వినిపించుకోలేదు. ఆ మూత తన చేతి కిందే ఉంది. దాని చుట్టూ పెన్సిల్ తిప్పుతోంది. కాలు ఒకచోట నిలవని పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తారు. ఇవాళ మాత్రం స్కూలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ బల్ల వదల్లేదు.

అమ్మ వచ్చి మూత లాక్కుంది. "ఇల్లంతా గాలించాను దీనికోసం! పాలలో ఈగ పడితే నువ్వు తాగుతావా?"

"కాసేపు పళ్లెం మూయమ్మా! సరిగ్గా ఈ సైజు గుండ్రం ఇంట్లో ఇంకోటి లేదు."

"కంపాస్ ఉందిగా?"

"అన్నయ్య విరగ్గొట్టాడు."

"నేనా? దాని ముల్లుతో బీరువా తాళం తీయబోయింది ఎవరట?" అన్నాడు అన్నయ్య, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"చాలించండి. ఇదిగో, గీసి వెంటనే ఇచ్చెయ్" అని అమ్మ మూత బల్ల మీద పెట్టింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. ఆ సందర్భంగా ప్రతి ఊరూ ఒక లోగో తయారు చేసుకోవాలట. ఈ ఊరి లోగోకి పిల్లల బొమ్మల్లోంచే ఒకటి తీసుకుంటామన్నారు మున్సిపల్ ఆఫీసువాళ్లు. షరతు ఒక్కటే. చొక్కా గుండీ అంత చిన్నగా చేసినా బొమ్మ స్పష్టంగా కనిపించాలి.

స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు పిచ్చుక బొమ్మనే ఎంచారు. "ఊరంతటికీ గెలిచేది ఇదే, చూస్తూ ఉండు" అన్నారు కూడా. రేపు శుభ్రంగా గీసి ఆయనకివ్వాలి. గెలిస్తే బ్యాడ్జీల మీద, బస్సుల మీద, బస్టాండు గోడ మీద అదే బొమ్మ. కింద మూలన తన పేరు!

పెద్ద కూడలిలో వరసగా నిలబడ్డ ఇనప దీపస్తంభాలు. వాటి వెనక ఉదయిస్తున్న సూర్యుడు. అదీ బొమ్మ.

ఆరిన బట్టలు మడతపెట్టి తెస్తూ నానమ్మ బల్ల దగ్గర ఆగింది. కళ్లజోడు సవరించుకుంది.

"కూడలి దీపాలేనా తల్లీ?"

"అవును నానమ్మా! బాగుందా?"

నానమ్మ వేలు ఒక్కో స్తంభం మీదా ఆగుతూ వెళ్లింది. "ఐదే ఉన్నాయే."

"ఏడు పెడితే ఇరుకైపోతోంది. చిన్నగా చేస్తే దువ్వెన పళ్లలా కనిపిస్తున్నాయి. అందుకే రెండు తీసేశాను."

"ఏ రెండు?"

పిచ్చుక పకపకా నవ్వింది. "ఏవైతేనేం నానమ్మా? అన్నీ ఒకేలా ఉంటాయిగా!"

నానమ్మ బట్టలు అక్కడే బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

పిచ్చుకకు ఉక్రోషం వచ్చింది. మాస్టారు మెచ్చుకున్నారు, క్లాసంతా చప్పట్లు కొట్టింది. నానమ్మేమో ఒక్క మంచి మాటైనా అనలేదు!

"వెళ్లి అడుగు" అంది అమ్మ మెల్లగా. "ఆ దీపాలు ఎవరికోసం పెట్టారో అడుగు."

"అది బస్సు ఎక్కే చోటు కదమ్మా?"

అమ్మ మూత తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గదిలో నానమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. పిచ్చుక పక్కన చేరి భుజానికి ఆనుకుంది. నానమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

"అప్పుడు నాకు నీ ఈడు. ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. ఆ కూడలిలో మన జెండా ఎగరేయాలని కుర్రాళ్లు బయల్దేరారు. మా అన్నయ్యా వెళ్లాడు. మీ నాన్నకు మేనమామ. కర్రకు జెండా కట్టడానికి తాడు చాలక నా జడ రిబ్బను విప్పుకున్నాడు. సాయంత్రం తెచ్చిస్తానన్నాడు."

"తెచ్చాడా?"

నానమ్మ తల అడ్డంగా ఊపింది. "కాల్పులు జరిగాయమ్మా. ఏడుగురు ఇళ్లకు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఊళ్లోవాళ్లు చందాలేసుకుని ఏడు దీపాలు నిలబెట్టారు."

"మీ అన్నయ్య దీపం ఏది నానమ్మా?"

"నాకూ తెలీదు. వేటికీ పేర్లు రాయలేదు. అటు వెళ్లినప్పుడల్లా ఏడింటినీ చూసి వస్తాను." నానమ్మ మనవరాలి జుట్టు వెనక్కి సర్దింది. "నీ బొమ్మ బాగుంది. తెలియక చేశావు. రేపు ఇచ్చెయ్, నేనేమీ అనుకోను."

పిచ్చుక మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. ఏడు దీపాలతో చిన్నగా గీసింది. గీతలు కలిసిపోయాయి. సన్నగా గీసింది. సూర్యుణ్ని తీసేసి గీసింది. గుండీ అంత చేసేసరికి ప్రతిసారీ అదే మరక. కాగితాలు ఉండచుట్టి పారేసింది. ఐదు దీపాల బొమ్మ మాత్రం పక్కనే ముద్దుగా, చక్కగా ఉంది. దాన్ని చూడాలంటే ఇప్పుడు భయమేసింది. ఆ ఐదింటిలో నానమ్మ వాళ్ల అన్నయ్య ఉన్నాడో లేడో.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. నాన్న కంచం ముందుకు లాక్కుంటూ, "ఏమ్మా, రేపటికి బొమ్మ సిద్ధమేనా?" అన్నాడు.

"సిద్ధమే నాన్నా. ఏడు దీపాలతో ఇస్తాను."

అన్నయ్య నములుతున్నవాడల్లా ఆగాడు. "అలా అయితే గుండీ మీద పట్టదన్నావుగా! ఇంకెవరి బొమ్మో గెలుస్తుంది."

"తెలుసు." పిచ్చుక కళ్లు నిండాయి. అయినా తల దించలేదు. "గెలవనీ. మాస్టారు కోప్పడినా సరే. నేను మాత్రం ఎవరినీ తీసేయను."

నానమ్మ ఎడమచేత్తో పిచ్చుక మోకాలు గట్టిగా పట్టుకుంది. పట్టుకునే ఉంది.