తెర మీద కనిపించని మాట

పొద్దున్నే అప్పాయమ్మ పెసరట్టు వేసి, పళ్ళెం కంప్యూటరు పక్కన పెట్టి వెళ్ళింది. అది చల్లారిపోయినా కొడుకు విజయకుమార్ అటు చూడలేదు. ముందురోజే మస్కట్ నుంచి దిగి నేరుగా అమలాపురం ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడ భార్య సత్యదుర్గ కడుపులో పుండు పగిలి, స్పృహ లేకుండా పడి ఉంది.

"ఆపరేషన్ చెయ్యాలండి," అన్నారు డాక్టర్ కృపారావుగారు. "కానీ ఇదివరకు ఆపరేషన్‌కి మత్తుమందు పడక ప్రాణం మీదకొచ్చిందని మీ అమ్మాయి చెప్పింది. అది ఏ మందో తెలియాలి. మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆపైన ఆగలేనండి."

ఆ మందు పేరున్న కాగితం కోసమే విజయకుమార్ నగరం అనే తమ ఊళ్ళోని ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. అసలు కాగితం వరదల్లో నాని ముద్దయిపోయింది. అప్పటి ఆస్పత్రి మూతపడింది. కానీ కాగితాన్ని ముందే స్కాన్ చేయించి సత్యదుర్గ మెయిల్లో పెట్టించాడు. మెయిల్ పాస్‌వర్డ్ ఈ కంప్యూటర్లోనే ఉంది. చిక్కంతా అక్కడే.

అందరిలా పాస్‌వర్డ్ క్యాలెండరు వెనక రాసి పెట్టుకుంటే విజయకుమార్ గొప్పేముంది? మస్కట్‌లో కంప్యూటర్ల పని చేసేవాడాయె. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర, కమాండ్ కొడితేనే పలికే ప్రోగ్రాం తెచ్చి పెట్టాడు. ఇంట్లో పాస్‌వర్డ్‌లన్నీ అందులో తాళం వేసి ఉంటాయి. తాళంచెవి కూడా ఒక ఫైలే. అది పనిచేయాలంటే ఒక రహస్యపు మాట కొట్టాలి. కొట్టేటప్పుడు ఆ మాట తెర మీద కనిపించదు, చుక్క కూడా పడదు.

ఆ తాళంచెవి చేసినప్పుడు అతను మస్కట్‌లో ఉండి ఫోన్లో చెప్పాడు, సత్యదుర్గ ఇక్కడ కొట్టింది. "ఇప్పుడు రహస్యపు మాట అడుగుతుంది. నా పేరు కొట్టు. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ వద్దు," అన్నాడు. "ఆయ్," అంది ఆమె. అతను సెలవుకొచ్చినప్పుడు కూడా ఆమే తెరిచి ఇచ్చేది.

ఇప్పుడు ఆ పేరు కొడుతుంటే తప్పంటోంది. ఇంటిపేరుతో కొట్టాడు, తప్పంది. కీబోర్డు పాడైందేమోనని పక్కింటి నుంచి ఇంకోటి తెచ్చి తగిలించాడు. తాళంచెవి ఫైలు పోయిందేమోనని వెతికాడు, ఉంది. చెడిపోయిందేమోనని పాత సీడీలోంచి మళ్ళీ ఎక్కించాడు. అన్నిటికీ అదే జవాబు. ఆ ప్రోగ్రాంని ఎవరూ పగలగొట్టలేరని స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకున్నవాడు, ఆ మాట తలుచుకుని తలపట్టుకున్నాడు.

ఆస్పత్రి నుంచి కూతురు గాయత్రి ఫోన్ చేసింది. "నాన్నగారూ, దొరికిందా? అమ్మకి ఆయాసం ఎక్కువైందండి. డాక్టరుగారు అడుగుతున్నారు."

"చూస్తున్నానమ్మా," అని పెట్టేశాడు.

అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అతని ఆదుర్దా అంతా కోపమై ఆవిడ మీద పడింది.

"నీ కోడలు నాకు చెప్పకుండా మార్చేసిందమ్మా. ఒక్క మాట, ఒకే ఒక్క మాట కొట్టమన్నాను. అది కూడా సరిగ్గా చెయ్యలేకపోయింది."

"దాన్నేవనకు. నువ్వు చెప్పిందేదీ అది కాదనలేదు ఎప్పుడూ. ఇంతకీ ఏం కొట్టమన్నావు?"

"నా పేరు."

అప్పాయమ్మ లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది.

"నీ పేరు అదెలా కొడుతుందిరా? రేషను కార్డు రాయించేటప్పుడు వాళ్ళు అడిగితే, చెప్పలేక నన్ను పిలిచింది. ఇన్నేళ్ళలో దాని నోట నీ పేరు వినలేదు నేను."

"నోటితో అనమన్లేదుగా. కొట్టమన్నాను."

"రెండూ ఒకటేరా దానికి."

విజయకుమార్ వేళ్ళు ఆగిపోయాయి. ఫోన్లో ఆమె అన్న ఆ "ఆయ్" గుర్తొచ్చింది. కాదనలేక అంది. అన్నాక, తెర మీద కనపడదు కదా అని తనకి చేతనైంది కొట్టింది.

"మరి నన్నేమంటుందమ్మా? నేను లేనప్పుడు?"

అడిగాక అతనికే సిగ్గేసింది. తను లేనప్పుడు భార్య తనని ఏమంటుందో తల్లిని అడగాల్సి వచ్చింది. తను ఇంట్లో ఉంటే "ఏవండీ" అంటుంది. లేని రోజులే ఎక్కువ.

"గాయత్రి నాన్నగారు అంటుంది, ఎవరైనా వస్తే."

కొట్టాడు. తప్పంది.

అప్పాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఇంకోటుంది," అంది చివరికి. "మేమిద్దరమే ఉన్నప్పుడు అంటుంది. నువ్వు మస్కట్ వెళ్ళిన కొత్తలో మొదటి పిల్లాడు పుట్టేడు చూడు. నెల తిరక్కుండానే పోయేడు. వాడికి మీ నాన్నగారి పేరు పెట్టేం. ఆ పేరు నేనూ పిలవలేను, మావగారి పేరని అదీ పిలవదు. ఇద్దరం బాబూ బాబూ అనేవాళ్ళం. నీ ఫోను కోసం చూస్తూ ఇప్పటికీ అంటుందిరా, బాబు నాన్నగారు ఈ పూటైనా చేస్తారో చెయ్యరో అని."

ఆ పిల్లాణ్ణి విజయకుమార్ చూడలేదు. ఉత్తరం అందేసరికే అంతా అయిపోయింది. దుఃఖం వచ్చింది కానీ, అక్కడ కంపెనీవాళ్ళ క్యాంపులో ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ ఊసెత్తలేదు. ఆమె మరిచిపోయిందనుకున్నాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా, బాబు నాన్నగారు అని కొట్టాడు. తెర మీద ఏమీ కనిపించలేదు. ఎంటర్ నొక్కాడు.

పాస్‌వర్డ్‌లన్నీ వరసగా వచ్చాయి.

కళ్ళు తుడుచుకుంటూనే మెయిల్ తెరిచి, కాగితం వెతికి, గాయత్రికి ఫోన్ చేసి మందు పేరు అక్షరం అక్షరం చెప్పాడు. డాక్టరుగారు రాసుకున్నారని, అమ్మని లోపలికి తీసుకెళ్తున్నారని చెప్పింది ఆ పిల్ల.

"ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టమ్మా ఒక్కసారి."

"అమ్మకి తెలివి లేదండి."

"అయినా పెట్టు."

అటువైపు స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపించింది.

"దుర్గా, నేను," అన్నాడు. "బాబు నాన్నని. వస్తున్నాను."

చప్పుడు దూరమైంది. తలుపు మూసిన శబ్దం తర్వాత గాయత్రి గొంతు వినిపించింది.

"నాన్నగారూ, బాబు ఎవరండి?"

విజయకుమార్ తల్లి వైపు చూశాడు. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని ఏడుస్తోంది.

"మీ అన్నయ్యమ్మా," అన్నాడు.