నిమిషానికో జవాబు

ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది ఒకటి రెండు చోట్ల నేను తారుమారు చెయ్యవచ్చు. నా స్నేహితురాలు గ్లెనిస్ నాకు మూడు విడతలుగా చెప్పింది, ఒక్కో విడత ఒక్కో చోట మొదలుపెట్టింది. నాకు గుర్తున్నంతవరకు వరసగా పెడుతున్నాను.

ఏప్రిల్ చివరి ఆదివారం, అక్కడ అది ఆకులు రాలే కాలం. క్యాన్‌బెరా నుంచి ముర్రంబేట్‌మన్ వెళ్ళే దారిలో పదకొండయినా పొగమంచు విడలేదు. గ్లెనిస్ కారు నడుపుతోంది. పక్కన నోయెలా, ముప్పై ఏళ్ళుగా పక్కింటి మనిషి. ఇద్దరికీ అరవై దాటాయి, ఇద్దరి మొగుళ్ళూ పోయారు. ద్రాక్షకోతలు అయిపోవచ్చే రోజుల్లో ఏటా ఒకసారి ఇద్దరూ ఇలా బయల్దేరతారు. వైన్ తయారుచేసే చోట్లు, వైనరీలు, మూడు నాలుగు తిరిగి, రుచి చూసి, నచ్చినవి రెండు సీసాలు కొనుక్కుని చీకటి పడకముందే ఇల్లు చేరతారు. కారు నడిపేది గ్లెనిస్ కాబట్టి ఆమె నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తుంది. నోయెలా మింగేస్తుంది.

"ఉమ్మడానికైతే ఇంత దూరం దేనికే? ఇంట్లో పళ్ళు తోముకుంటే సరిపోయేదిగా," అంది నోయెలా, రెండో చోట నాలుగో గ్లాసు అందుకుంటూ.

"నువ్వు మింగావంటే నీకు నిద్రొస్తుంది. నేను మింగితే పోలీసులొస్తారు."

"రానీ. కుర్రాడు బాగుంటే నేనే కిందికి దిగి మాట్లాడతా."

గ్లాసులు నింపుతున్న మనిషి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. గ్లెనిస్ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, చేతులు కోటు జేబుల్లో దోపుకుంది.

"ఇప్పుడు నెవ్ వాళ్ళ చోటికి వెళ్దాం," అంది.

నోయెలా నవ్వు ఆగిపోయింది. నెవిల్ గ్లెనిస్ తమ్ముడు. అక్కడికి పావుగంట దూరంలోనే అతనికి చిన్న తోట, ఇనపరేకుల షెడ్డు, తన పేరుతో వైన్ ఉన్నాయి. అక్కాతమ్ముళ్ళకి మాటల్లేక ఎనిమిదేళ్ళు.

జరిగింది ఇది. ఎనిమిదేళ్ళ కింద, సరిగ్గా కోతల కాలంలో, వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంది. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పుకోండని నర్సు అంది. గ్లెనిస్ ఫోను చేతిలోకి తీసుకుంది. వాడు కోతల్లో ఉన్నాడు, ఎలాగూ రాడు, తెల్లారాక చెబుదాంలే అనుకుంది. ఫోను మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. అమ్మ "నెవ్ వచ్చాడా" అని రెండుసార్లు అడిగి, తెల్లవారకుండానే పోయింది. అంత్యక్రియల్లో నెవిల్ ఒక్కటే అడిగాడు, "ఎందుకు చెయ్యలేదు?" అని. ఆమె పువ్వులు సర్దుతూ ఉండిపోయింది. ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు.

"ఈసారి క్షమించమని అడిగి తీరతానే," అంది గ్లెనిస్ కార్లో. "తలుపు మొహాన వేస్తే వేస్తాడు. అడిగానన్నదైనా మిగులుతుంది."

మట్టిదారి చివర షెడ్డు ముందు 'ఈరోజు మూసి ఉంది' అని పలక వేలాడుతోంది. తీగల మీద ఆకులు పసుపు తిరిగాయి, సగం రాలిపోయాయి. ఎక్కడా పిట్ట కూత లేదు. నోయెలా అప్పటికే సీటు వెనక్కి వాల్చుకుంది. "అక్కాతమ్ముళ్ళ మధ్య నాకేం పనే, పోయిరా," అని కళ్ళు మూసుకుంది.

షెడ్డులో అడుగుపెట్టగానే పులిసిన వాసన, తడిసిన చెక్క వాసన, దాని కింద ఇనుము చల్లదనం. వరసగా నాలుగు ఉక్కు ట్యాంకులు, ఒక్కొక్కటి ఇంటి కప్పంత ఎత్తు. మూడోదాని పక్కనుంచి నెవిల్ వచ్చాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మోచేతులదాకా ఎర్రటి రంగు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమెని చూసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"సరైన వేళకే వచ్చావు," అన్నాడు. ఆ గొంతులో స్వాగతం ఏమీ లేదు. "రోజ్లిన్ పంపుకి ముక్క కొనడానికి యాస్ ఊళ్ళోకి వెళ్ళింది. నేను లోపలికి దిగి పిప్పి తియ్యాలి. ఇంకా ఆగితే మొత్తం పాడైపోతుంది. బయట ఒక మనిషి ఉండాలి."

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

ట్యాంకు అడుగున, నడుమెత్తులో, ఒక మనిషి పాకి దూరేంత గుండ్రటి తలుపు తెరిచి ఉంది. రసం దింపేశారు. లోపల తొక్కలూ గింజలూ గుట్టగా మిగిలాయి. ద్రాక్ష పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, బరువుగా అడుగున కూర్చుంటుంది. అందుకే ఈ పని చేసేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరుంటారు. నెవిల్ ఒక ఫ్యాను తిప్పి, దాని గొట్టం తలుపులోకి దూర్చాడు.

"నిమిషానికోసారి బాగున్నావా అని అడుగు. నేను జవాబిస్తా. ముందు పిప్పి అంతా పోగేస్తాను, తర్వాత బయటికి తోడతాను. జవాబు రాలేదా, ఫోను చెయ్యి. ఏం జరిగినా నువ్వు మాత్రం లోపల తల పెట్టకు. తెలిసిందా?"

"ఫోను చెయ్యాలి."

"ఆఁ. ఫోను," అని ఆమె కళ్ళలోకి ఒక్కసారి చూసి, దంతె పట్టుకుని లోపలికి పాకాడు.

గ్లెనిస్ ఒక ప్లాస్టిక్ పెట్టె బోర్లించి కూర్చుంది. తలుపుకి ఎదురుగా కాదు, పక్కగా, వీపు ట్యాంకుకి ఆనించి. అడగవలసింది మొహం చూస్తూ అడగలేనని ఆమెకి తెలుసు. కోటులోంచి ఉక్కు చలి వెన్నులోకి దిగింది. లోపల దంతె కదిలింది. సర్రు... సర్రు...

"నెవ్, బాగున్నావా?"

"బాగానే ఉన్నా." విసుగు.

గడియారం చూసుకుంది. మళ్ళీ అడిగింది.

ఈసారి జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. ఆమె లేవబోయింది. అంతలో వచ్చింది.

"బాగానే ఉన్నానక్కా."

అక్కా. ఎనిమిదేళ్ళ తర్వాత. ఆమె మళ్ళీ కూర్చుండిపోయింది. ఇంకో నాలుగు జవాబులు విని ధైర్యం కూడదీసుకుని, ఎదుటి గోడకి వేలాడుతున్న గొట్టాలని చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రి, ఆ ఫోను, ఎలా పట్టుకుంది, ఎలా పెట్టేసింది. నువ్వు రావనుకున్నాను, అది తప్పు, నువ్వు వచ్చేవాడివి, నాకు తెలుసు. క్షమించు నెవ్.

లోపల దంతె ఆగలేదు. సర్రు... సర్రు...

"ఎప్పుడో వదిలేశానక్కా. నువ్వు మాట్లాడుతూ ఉండు."

ఆమె ఏడ్చింది. పెద్దగా, చిన్నపిల్లలా, ముక్కు చేత్తో తుడుచుకుంటూ ఏడ్చింది. మధ్యలో నవ్వింది కూడా. చిన్నప్పుడు మేకకి టోపీ పెట్టిన సంగతి ఎత్తితే లోపలినుంచి నవ్వు వినిపించింది. నిమిషానికో జవాబు తప్పకుండా వస్తోంది. మనిషి బాగున్నట్టే. భయం ఏముంది?

నోయెలా షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. "ఎంతసేపే? కార్లో కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఏడుస్తున్నావా?"

"మంచి ఏడుపేలే. వాడు లోపలున్నాడు. మాట్లాడుకుంటున్నాం."

నోయెలా తల పక్కకి వంచి విన్నది. "నాకేం వినపడటం లేదు."

"చెవి మిషను పెట్టుకోకపోతే ఎలా వినపడుతుంది?"

"అదీ నిజమే," అని నోయెలా కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటికి ముప్పై అయిదు నిమిషాలు. చలి పెరిగింది. గ్లెనిస్ నోటినుంచి ఆవిరి వస్తోంది. అడుగుదామని మళ్ళీ తల తిప్పింది.

"బాగానే ఉన్నా."

తను ఇంకా అడగలేదు.

"తొందరపడ్డావు," అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నువ్వు అడుగుతావని తెలుసు."

సర్రు... సర్రు... ఒకే లయ. ఇంతసేపటికి మనిషన్నవాడు ఒక్కసారైనా ఆగడా? ఊపిరి తీసుకోడా? దగ్గడా?

"అమ్మకి నీ మీద కోపం లేదు," అంది గొంతు. "ఆ రాత్రి చలిగా ఉందంటే నువ్వు నీ కోటు విప్పి పాదాల మీద కప్పావు. తర్వాత దాన్ని పారేశావు, ఇంటికి తీసుకెళ్ళలేక."

గ్లెనిస్ ట్యాంకుకి ఆనించిన వీపు ఎత్తింది. ఆ కోటు సంగతి ఎవరికీ చెప్పలేదు. నర్సు అప్పుడు గదిలో లేదు. పారేసింది దారిలో, ఎవరిదో చెత్తడబ్బాలో.

"నీకెవరు చెప్పారు?" అంది మెల్లిగా.

దంతె ఆగింది.

ఫ్యాను చప్పుడు ఒక్కటే. దూరంగా ఎక్కడో నీటిబొట్టు.

"అక్కా... ఇటు రా."

"నెవ్, బయటికి రా. చాలు."

"నీ మొహం చూసి ఎనిమిదేళ్ళయింది. తల లోపలికి పెట్టు. ఒక్కసారి."

తల పెట్టకు అన్నాడు కదా. వాడే కదా అన్నది. కానీ గొంతు వాడిదే... ఆమె లేచింది. తలుపు అంచు మీద చెయ్యి వేసింది. లోపల చీకటి. అంత పిప్పి ఉన్న చోట ఏ వాసనా లేదు. పులుపు లేదు, ద్రాక్ష లేదు. ఏమీ లేదు...

"ఇంకొంచెం," అంది గొంతు. చెవి పక్కనే.

బయట కారు బ్రేకు పడింది. తలుపు దభీమని మూసిన చప్పుడు, పరుగు. "వదినా! ఏం చేస్తున్నావ్? వెనక్కి రా!" రోజ్లిన్, నెవిల్ పెళ్ళాం, ఆమె కోటు పట్టి వెనక్కి లాగి కింద పడేసింది. టార్చి లోపలికి వేసింది.

నెవిల్ తలుపుకి రెండడుగుల లోపల బోర్లా పడి ఉన్నాడు. దంతె అతని ఒంటి కింద ఉంది. పిప్పిగుట్ట మొదట్లో నాలుగు గీతలు తప్ప, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఫ్యాను గొట్టం తలుపులోంచి జారి, ఇవతల నేల మీద పడి ఉంది. ఇంతసేపూ గ్లెనిస్ దానికి వీపు తిప్పి కూర్చుంది.

రోజ్లిన్ ఫోను చేస్తోంది. గ్లెనిస్ నేల మీద కూర్చుని, ఏం చేస్తున్నదీ తెలియకుండా, అలవాటైపోయిన మాట అడిగింది. "నెవ్... బాగున్నావా?"

"బాగానే ఉన్నా," అంది ట్యాంకు.

టార్చి వెలుతుర్లో పడివున్న మనిషి కదల్లేదు. రోజ్లిన్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గ్లెనిస్ వంక చూసింది. ఇద్దరూ విన్నారు.

లోపలికి దిగిన అయిదారు నిమిషాల్లోనే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. వెంటనే ఎవరైనా ఫోను చేసి ఉంటే దక్కేవాడేమో అన్నాడు. గ్లెనిస్ అక్కడ కూర్చున్నది నలభై నిమిషాలు. ఆమె జేబులో ఫోను ఉంది, దాని నిండా ఛార్జింగు ఉంది. రెండోసారి కూడా చెయ్యలేదు.

అంత్యక్రియలయ్యాక వంటింట్లో కప్పులు కడుగుతూ రోజ్లిన్ అడిగింది, "వదినా, నీతో ఏమన్నాడు?" అని.

"క్షమించానన్నాడు."

రోజ్లిన్ చాలాసేపు ఒకే కప్పు కడిగింది. "ఆయన ఒక్కోసారి పని ముగించి బయటికొచ్చి, నా పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటుండేవాడు," అంది గుసగుసగా. "నేను మరిచిపోయి ఇంకోసారి అడిగేదాన్ని. లోపలినుంచి జవాబొచ్చేది. ప్రతిధ్వని అనుకుని నవ్వుకునేవాళ్ళం, వదినా. ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం."

అంటే క్షమించింది నెవిల్ కాదు. నెవిల్ ఆమెతో ఆఖరిసారి అన్నది విసుగ్గా అన్న ఆ రెండు ముక్కలే. ఆ క్షమాపణ విన్నాడో లేదో కూడా తెలియదు. గ్లెనిస్‌కి మిగిలింది అడిగానన్నదొక్కటే.

నోయెలా చెప్పినదాని ప్రకారం, జూన్‌లో ఆమె గ్లెనిస్ ఇంటికి టీకి వెళ్ళింది. గ్లెనిస్ బాగా చిక్కిపోయింది. మాటల మధ్యలో ఆగి, "ఆఁ, బాగానే ఉన్నా," అంది. కాసేపటికి మళ్ళీ అంది. బిస్కెట్ కొరుకుతూ మళ్ళీ.

"నేనేం అడగలేదే," అంది నోయెలా. ఈసారి చెవికి మిషను పెట్టుకునే ఉంది.

"నువ్వు కాదు."

"మరెవరు అడుగుతున్నారే?"

గ్లెనిస్ గోడ వైపు చూసింది. పెదవులు సగం మాత్రమే కదిలాయి. "బయటున్నవాళ్ళు. నిమిషానికోసారి... రాత్రిళ్ళు కూడా."

"జవాబివ్వడం మానెయ్యరాదా?"

"మానేస్తే, నన్ను తియ్యడానికి లోపలికి వస్తారు కదా, నోయెలా."

నేను రాయగలిగింది ఇంతే. టీగన్, నా రాతంతా నువ్వే టైపు చేస్తావు కదా, దానికి ముందు పేర్లు ఒక్కసారి సరిచూడు తల్లీ. ట్యాంకులో పోయినవాడు నెవిల్, వాడి పెళ్ళాం రోజ్లిన్, పక్కింటావిడ నోయెలా. ఇవి సరే. గ్లెనిస్ దగ్గరే నాకు అనుమానం. గ్లెనిస్ జూలైలోనే నిద్రలో పోయిందని, అంత్యక్రియలకి నేను నల్ల కోటు వేసుకుని వచ్చానని, పువ్వులు కూడా పెట్టానని నోయెలా అంటోంది. నాకు గుర్తు లేదు. నాకు గుర్తుండనివి ఈమధ్య చాలా ఉన్నాయి, అదీ ఒకటేమో. కానీ నిన్న పొద్దున కూడా నేను ఆమె నంబరుకి ఫోను చేశాను. ఎలా ఉన్నావే అన్నాను. బాగానే ఉన్నా, నువ్వు మాట్లాడుతూ ఉండు అంది. చాలాసేపు మాట్లాడాను. నువ్వు ఓసారి చూసి చెప్పమ్మా, ఫోనులో జవాబిచ్చినవాళ్ళ దగ్గర ఏ పేరు రాయాలో.