ఎర్ర పెట్టెలో ఉప్పు

"సీసా పోయింది," అన్నాడు చీఫ్ సుందరమూర్తి. "రెడ్డియార్‌పాళయం ల్యాబ్ నుంచి. ఫ్రీజర్‌లో ఉన్న నిల్వ సీసాలన్నీ పగలగొట్టి మరీ పోయారు. దొరికితే తే. దొరక్కపోతే అందులోని కణాల్ని చంపెయ్. విక్టర్ ముఠాకి అవి ప్రాణంతో చిక్కకూడదు."

ఆ సీసా విలువ ఏజెంట్ ఉదయకుమార్‌కి తెలిసినంతగా 2006 నాటి పుదుచ్చేరిలో ఇంకెవరికీ తెలియదు. పదకొండేళ్ళ కూతురు సరణ్య ఆసుపత్రి మంచమ్మీద ఉంది మరి! ఒంట్లోని రక్షణ కణాలు టీఎన్ఎఫ్ అనే అణువుతో ఒకదానికొకటి ప్రమాద సందేశం పంపుకుంటాయి. సరణ్య పేగుల్లో ఆ సందేశం ఆగనే ఆగదు. శత్రువు లేకపోయినా దాడే! పేగు లోపలి పొర పుండుపడి నెత్తురు కారేది. ఆ సందేశాన్ని పట్టి ఆపే యాంటీబాడీని తయారుచేసేవి సీసాలోని బతికున్న కణాలు. రెండు డోసులకే పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ తింది. వారంలోగా మూడో డోసు పడకపోతే మళ్ళీ నెత్తురే. అది ఇంకా ఆ సీసాలోంచే తయారవ్వాలి.

"యాడికి నాయనా?" అనడిగింది సరణ్య పొద్దున.

"నీ మందు తేను పోతుండా."

మధ్యాహ్నం రెండు. వీరాంపట్టినం తీరం. గళ్ళ లుంగీ, తలకి తుండుగుడ్డ, చొక్కా గుండీలో మైకు. పడవలకి ఐసు నింపే కూలీ వేషం.

లాంచీ పక్కన నల్లకళ్ళద్దాల ప్రీతి నిలబడి ఉంది. రెండేళ్ళు ఆ ల్యాబ్‌లోనే పనిచేసింది. విక్టర్ నమ్మిన మనిషి, చీఫ్ నాటిన మనిషి కూడా. నిజంగా ఎవరి మనిషో దేవుడికే ఎరుక.

"వంజరం చేప ఉందామ్మా?" అన్నాడు కోడ్‌లో.

"ఒక్కటే. ఎర్ర పెట్టెలో."

మూత తీశాడు. ఐసు మధ్యలో సీసా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చుట్టూ నాలుగు తుపాకులు. లాంచీ ఇంజను మోగుతోంది. కోస్ట్ గార్డ్ రావాలంటే ఇంకో గంట.

సీసా పట్టుకుని రెండడుగులు కూడా వెయ్యలేడు. చేయగలిగింది ఒక్కటే. ఉత్త ఐసులో ఆ కణాలు చల్లగా నిద్రపోతాయి. ఐసులో ఉప్పు పడితే చలి ఇంకా ముదిరి, సీసా గడ్డకట్టి, కణాలు చచ్చిపోతాయి. గడ్డకట్టినా చావకుండా ఫ్రీజర్ సీసాల్లో కలిపే మందు ఇందులో లేదు.

"ఉప్పెయ్యాల దొరా! లేకుంటే ఐసు నిలవదు."

"ఏమంటున్నాడు?" అన్నాడు లాంచీ మీంచి విక్టర్ ఇంగ్లీషులో.

ప్రీతి ఒక్క క్షణం ఉదయకుమార్ కళ్ళలోకి చూసింది. "చేపల పెట్టెలకి ఇక్కడందరూ వేస్తారు. ఎక్కువసేపు చల్లగా ఉంటుందట."

"అయితే మంచిదే. వెయ్యమను."

ఉప్పు బస్తాలో పెట్టిన చెయ్యి ఎంతకీ పైకి రాలేదు. భగవంతుడా, ఇంకెవడినైనా పంపకూడదా ఈ పనికి! పిడికిలి తర్వాత పిడికిలి చల్లాడు. మూత బిగించి, తన చేతుల్తోనే పెట్టె లాంచీలోకి ఎక్కించాడు. మరుక్షణం లాంచీ కదిలింది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! కానీ కణాలు చచ్చాయని పైవాళ్ళు రుజువడుగుతారయ్యా."

"వారం ఆగండి సార్," అన్నాడు ఉదయకుమార్. "మా పిల్ల రిపోర్టు వస్తుంది. ఫైల్లో పెట్టుకుందురు గాని."