బుల్లెమ్మాయి గారి తెరవాటా

గడ్డం ఆనించే పీటను దూదితో తుడిచి, నూకరాజు గుమ్మం వైపు కేకేశాడు. "తర్వాతి కళ్ళు!"

పొద్దున్నుంచి ఇది పద్నాలుగో జత. వచ్చినాయన గడ్డం ఆనించక ముందే బేరం మొదలుపెట్టాడు. సెకనుకు ఐదొందలసార్లు బొమ్మ మార్చే, ఐదొందల రెప్పల తెర కావాలట. తోడల్లుడికి మూడొందల అరవై ఉందట.

"ఏం ఆడతారండీ?"

"పేకాటండీ."

కొలత ముగిశాక నిర్ణేత యంత్రం అరవై రెప్పలు రాసింది. "పేకముక్క ఎక్కడికీ పారిపోదు లెండి" అని ఓదార్చి, నూకరాజు చీటీ ఆయన చేతిలో పెట్టాడు.

తెరను ఎవరికి వారే కొనుక్కునే రోజుల గురించి నూకరాజు తాతగారు కథలు కథలుగా చెప్పేవారు. వంపు తెరా, చదును తెరా అని ఇంట్లో తగువులు. కొట్లో ధగధగలాడింది ఇంటికొచ్చాక కదిలే బొమ్మల వెనక నీడతోకలు లాగడం. ఇప్పుడు ఆ గోల లేదు. కంటివేగం కొలిచి నిర్ణేతే తెరవాటా రాస్తుంది. ఒక మనిషికి మూడు కొలతలు, మూడోది జీవితాంతం ఖాయం. పోటీల్లో వాటాకు మించిన తెర ముట్టుకోకూడదు. నూకరాజు లాంటి చూపుమాపరికి మిగిలిన ఘనకార్యం దూది మార్చడమే. పదకొండేళ్లుగా నూకరాజు ఆ ఘనకార్యం లోపం లేకుండా చేస్తున్నాడు.

పదిహేనో జత బుల్లెమ్మాయి గారిది. కాకినాడ రేవులో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపి, అరవై ఆరో ఏట ఉప్పుటేరు జట్టులో తెరమీద ఎదురుకాల్పుల ఆట ఆడుతున్న మనిషి. ఆదివారం తుది పోటీ. ముందు రెండు కొలతల్లోనూ ఆవిడకు వచ్చినవి తొంభై రెప్పలే.

"ఇదే ఆఖరుదండీ" అన్నాడు నూకరాజు.

"తెలుసు బాబూ. తొంభై తెరమీద నాకు కనపడేది నీడతోకేనయ్యా. మనిషి ఎప్పుడో దాటిపోతాడు. ఈసారీ తొంభయ్యే వస్తే మా జట్టోళ్లు నన్ను ఆడనీకుండా బల్ల మీద కూకోబెడతారు. ఇన్నాళ్లూ ఎత్తు మీద కూకున్నదాన్ని, బల్ల మీద ఎలా కూకోను?" నూకరాజుకు జాలేసింది, కానీ జాలికి మీట లేదు.

పరీక్ష మొదలైంది. తెరమీద తలుపులోంచి ఒక సాయుధుడు వస్తాడు, కనపడగానే కాల్చాలి. ఆవిడ కాల్చేసరికి నాలుగొందల ఇరవై మిల్లీసెకన్లు. మళ్ళీ నాలుగొందల ఇరవై. నిర్ణేత "తొంభై" అని రాయబోతుండగా నూకరాజు, కన్ను ఎప్పుడు ఎటు తిరిగిందో గీసే చూపురేఖ వైపు చూశాడు. ఎవరూ చూడమనని గీత అది. ఆవిడ కన్ను నూట పదికే సాయుధుణ్ణి పట్టేసింది. వేలు మాత్రం ఆగింది.

అతను పరీక్షను నిలిపేశాడు. "కనపడ్డాడు గదండీ, మరి కాల్చరేం?"

"ఆడింకా తుపాకీ ఎత్తలేదు గదా!"

"ఎత్తాలా?"

"గుమ్మంలోకి వచ్చిన మనిషిని వచ్చినట్టే కొట్టేత్తామేటయ్యా? ఆడు మొదలెట్టనీ, అప్పుడు మనం. ఆటలో ఆళ్లు వస్తూనే ఎత్తుతారు గాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఈ పరీక్షోడే మరీ నిదానం."

నూకరాజు లెక్క చూశాడు. సాయుధుడు తుపాకీ ఎత్తేది మూడొందల పదో మిల్లీసెకను దగ్గర. ఆవిడ కాల్చింది ఆ తర్వాత నూట పదికి. పాత కొలతలు తిరగేశాడు. కరణం గారు, చేపల సుబ్బులు, పంతులమ్మ, అందరి కళ్ళూ ముందే పరిగెత్తాయి, అందరి వేళ్లూ అక్కడే ఆగాయి. ఈ జిల్లాకు నిర్ణేత పెట్టిన పేరు మందచూపు జిల్లా.

మానవ నిర్ణయం అనే మీట మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. నొక్కాడు. కారణం అడిగింది: కంట్లో నలక, కన్నీరు, యంత్రదోషం, ఇతరం. నలక అంటే ఎవరూ అడగరు, ఉద్యోగం పదిలం. బుల్లెమ్మాయి గారు చీర కొంగు నలుపుకుంటూ అతని వైపే చూస్తున్నారు.

ఇతరం నొక్కి, "మర్యాద" అని రాశాడు.

నిర్ణేత ఈసారి చూపురేఖను తీసుకుని లెక్క మళ్ళీ కట్టింది. తర్వాత ఐదొందల రెప్పల చీటీ వచ్చింది. బుల్లెమ్మాయి గారు దాన్ని కళ్ళకద్దుకుని, "చల్లగా ఉండు నాయనా" అంటూ ఏడ్చేశారు. వెనకాల గోడతెర మీద జిల్లాలోని తెరవాటాలన్నీ ఒక్కొక్కటిగా "పునఃపరిశీలన"లోకి జారుకుంటున్నాయి.

రాజధాని నుంచి పై అధికారి గోడమీద ప్రత్యక్షమయ్యాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమయ్యా, ఈ మర్యాదేంటి? నిర్ణేత దాన్ని లెక్కలోంచి తీసేయాలంటోంది. అసలు ఎంతుంటుందది?"

"కాకినాడలో మూడొందల పది మిల్లీసెకన్లండీ" అన్నాడు నూకరాజు. "అమలాపురం వైపు ఇంకా ఎక్కువుంటాది. అక్కడ వాళ్లు కాల్చేముందు భోంచేశారా అని కూడా అడుగుతారు."