పాలరాయికి పులుపు పడదు

పొద్దున్నే పొయ్యి మీద కాఫీ బుసబుసలాడుతోంది. లొరెదాన ఒక చేత్తో తండ్రి రొట్టెకి వెన్న రాస్తూ, ఇంకో చేత్తో కుక్క మెడకి పట్టీ తగిలించబోయింది. ఆ దేవుడు మూడో చెయ్యి ఇచ్చి ఉంటే బాగుండునని ఆమె అనుకోని రోజు లేదు.

బ్రీనా అనే ఆ తెల్లకుక్కని తమ్ముడు సాండ్రో తెచ్చి పడేశాడు. "నాన్నకి తోడుంటుంది అక్కా" అన్నాడు. పశువుల డాక్టరు దగ్గర యజమాని పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం అక్క పేరే చెప్పాడు. తోడు నాన్నకి, చాకిరీ ఆమెకి.

"నేను తీసుకెళ్తానే, లోరీ" అన్నాడు తండ్రి ఒరెస్తే, రొట్టె కాఫీలో ముంచుతూ.

"చలికాలంలో మెట్ల మీద పడ్డది చాల్లే నాన్నా. కదలకుండా కూర్చో."

మూడంతస్తులు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఆమె మోకాళ్ళకీ యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. అయినా ఒక జేబులో సంచి, ఇంకో జేబులో నీళ్ళ సీసా లేకుండా గడప దాటదు. కుక్క గోడ మీద పోస్తే అప్పటికప్పుడు నీళ్ళు పోసి కడగాలన్నది పాలరాతి గనుల ఊరైన కరారాలో నియమం.

తిరిగొచ్చేసరికి కింది వాటా యోలాండ వీధి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఆగమ్మాయ్! నిన్న మధ్యాహ్నం కూడా నీ కుక్క ఇక్కడే పోసింది. నేను కునుకు తీసి లేచేసరికి గుమ్మమంతా తడి!"

"మధ్యాహ్నం నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లతో కుస్తీ పడుతుంటాను, యోలాండా గారూ. కుక్క పైన నాన్న దగ్గర, తలుపేసిన ఇంట్లో ఉంటుంది. తలుపు తీసుకుని వచ్చి పోసి వెళ్ళిందంటారా?"

"వెటకారం తర్వాత. ముందు ఆ మచ్చ చూడు. అద్దంలా ఉండే రాయి! ఆదివారం వాటాలవాళ్ళ సమావేశంలో అందరి ముందూ పెడతాను, మున్సిపాలిటీకీ చెబుతాను. చూసుకునే ఓపిక లేనివాళ్ళు పెంచుకోకూడదు."

లొరెదాన వంగి చూసింది. తెల్లటి పాలరాతి గుమ్మం మీద అరచేయంత మేర మెరుపు చచ్చిపోయి ఉంది. ఎందుకో అనుమానం తట్టింది గానీ, బస్సుకి టైమైపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు అనుకుంటూ కుక్కని పైన వదిలి పరుగెత్తింది.

సాయంత్రం కోటు కూడా విప్పకుండా అడిగింది. "నాన్నా, నేను లేనప్పుడు దాన్ని కిందికి తీసుకెళ్తున్నావా?"

"నేనా? నువ్వు వద్దన్నావుగా" అన్నాడు ఒరెస్తే, కిటికీలోంచి కొండ వైపు చూస్తూ. ఆ కొండ మీది గనిలోనే పాలరాయి కోస్తూ ఆయన వయసంతా గడిచిపోయింది. అబద్ధమాడినప్పుడల్లా అటే చూస్తాడు.

"సరే. నాకిక ఓపిక లేదు. సాండ్రోకి ఫోన్ చేశాను. రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. వాడి స్నేహితుడికి పెరడుందట, అక్కడ హాయిగా ఉంటుంది."

ముసలాయన చెయ్యి కుక్క తల మీద ఆగిపోయింది. "నన్ను కూడా ఆ పెరట్లోనే కట్టెయ్యమను. ఇద్దరం తిండి దండగేగా నీకు."

"ఎంత మాట నాన్నా! నీ మందులెవరు చూస్తున్నారు? నీ బట్టలెవరు ఉతుకుతున్నారు? ఒక్కరోజైనా 'తిన్నావా లోరీ' అని అడిగారా ఈ ఇంట్లో?"

ఆమె వంటింట్లోకి పోయి, ఏడుపు వినిపించకుండా కుళాయి తిప్పుకుంది.

మర్నాడు సగం రోజు సెలవు అడిగి మధ్యాహ్నమే బయల్దేరింది. వెళ్ళిపోయే కుక్కకి చివరిసారి స్నానమైనా చేయిద్దామనుకుంది. సందు మలుపు తిరగగానే యోలాండ అరుపులు వినిపించాయి. ఆవిడ ఆ రోజు కునుకు మానేసి కాపలా కాసినట్టుంది.

గుమ్మం దగ్గర ఒరెస్తే కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, మహా శ్రద్ధగా సీసాలోంచి రాయి మీద పోస్తున్నాడు. బ్రీనా పక్కనే బుద్ధిగా కూర్చుని ఉంది.

"నాన్నా!"

"వచ్చావా? నువ్వే చెప్పు ఈవిడకి. ఊరి నియమం ప్రకారం నేను కడుగుతూనే ఉన్నాను. రోజూ కడుగుతున్నాను. నాకు బాధ్యత తెలీదా?"

గుప్పున ఘాటు వాసన కొట్టింది. వెనిగర్. వంటింటి సింకు కింద ఉండే సీసా.

ఆ ఊళ్ళో పిల్లలు మాటలు నేర్చేటప్పుడే ఇదీ నేర్చుకుంటారు: పాలరాయికి పులుపు పడదు. తన చిన్నప్పుడు వంటింటి పాలరాతి గట్టు మీద చెక్కపలక లేకుండా నిమ్మకాయ కోయబోతే, గని నుంచి అప్పుడే వచ్చిన తండ్రి దుమ్ము చేతులతోనే కత్తి లాక్కున్నాడు. "రాయి ఏడుస్తుందే తల్లీ!" అన్నాడు. అదే మనిషి ఇప్పుడు వెనిగర్ పోసి, బుడగలొస్తున్న రాయిని వింతగా చూస్తున్నాడు.

"ఇదేంటే లోరీ, రాయి నురుగొస్తోంది?"

ఇన్నాళ్ళూ లొరెదాన దాన్ని ఆయన మొండితనమనుకుంది, మతిమరుపనుకోలేదు. యోలాండ కూడా గనివాడి కూతురే. ఇంట్లోకి పోయి బిందెడు నీళ్ళు తెచ్చి, గుమ్మం మీద పోసింది.

"ఎక్కడిదాకా వెళ్ళొచ్చావు నాన్నా?" అడిగింది లొరెదాన.

"ఏమో. సందులన్నీ మార్చేశారు ఈమధ్య. నాకేం భయం లేదు. ఇల్లు దీనికి తెలుసుగా. 'పద ఇంటికి' అంటే చాలు, తీసుకొచ్చేస్తుంది."

ఆమె వీధిలోనే కూలబడి కుక్కని వాటేసుకుంది. తాను దుప్పట్లు మడత పెడుతున్న ఆ మధ్యాహ్నాలన్నీ తండ్రిని తప్పిపోకుండా ఇల్లు చేర్చింది ఇదా! దీన్నా తను పంపించెయ్యబోయింది!

సాయంత్రం కారు ఆపి సాండ్రో పైకి వచ్చాడు. "కుక్క రెడీయా అక్కా?"

"కుక్క ఎక్కడికీ వెళ్ళదు. కూర్చో. రేపు నాన్నని డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకెళ్తున్నావు. రేపట్నించి మధ్యాహ్నం వీళ్ళిద్దర్నీ తిప్పే పని కూడా నీదే."

"నాకు కొట్టు ఉంది కదా..."

"నాకు మాత్రం లేదా పని? తోడు తెచ్చినవాడివి, తోడు రావాలి."

వంటింట్లోంచి యోలాండ తొంగి చూసింది. ముసలాయనకి సూప్ తెచ్చింది. "నీకు కుదరని రోజు నేను వెళ్తాలేవయ్యా. కునుకు లేకపోతే చావను."

మర్నాడు పొద్దున లొరెదాన వెనిగర్ సీసాని పై అరలో దాచింది. నీళ్ళ సీసా తన జేబులో పెట్టుకుని, పట్టీ తండ్రి చేతికిచ్చి, ఆయన రెండో చెయ్యి తను పట్టుకుంది. మూడంతస్తులూ నెమ్మదిగా దిగారు.

గుమ్మం దగ్గర ఒరెస్తే ఆగిపోయాడు. వంగి, మసకబారిన చోట వేళ్ళతో తడిమాడు. ముఖం చిట్లించాడు.

"వెనిగర్ పోశారు దీని మీద. ఏ బుద్ధిలేనివాడు చేశాడే ఈ పని?"

కిటికీలో యోలాండ తల దించుకుంది.

"నేనే నాన్నా. పొరపాటైపోయింది" అంది లొరెదాన.

ఆయన కూతురి ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపం దిగిపోయింది. ఆమె చెంప మీద తడి తుడిచాడు.

"అలిసిపోయి ఉంటావు. పోన్లే, ఏడవకు. రాయి ఏడుస్తుందని చిన్నప్పుడే చెప్పాను కదే తల్లీ... ఇంతకీ నువ్వేమైనా తిన్నావా?"