సాయంత్రం ఇంటికెళ్ళే డిస్కు

ఆ మంగళవారం అతను చేయాల్సిన పనులు ఇవి. కృత్రిమ కాళ్ళు తయారుచేసే కార్ఖానాలోని చిన్న సర్వరుకు నమ్మకమైన బ్యాకప్ పద్ధతి ఏదో తేల్చడం. మూడు నెలల కిందట తాత్కాలికంగా తాను పెట్టి వెళ్ళిన బ్యాకప్‌ను తెరిచి చూసుకోవడం. ఐదింటికల్లా తన కంప్యూటర్ల కంపెనీ ఆఫీసుకు చేరడం. కొలతల అమ్మాయితో వాదన పెట్టుకోకపోవడం.

చివరి పనే కష్టమని అతనికి తెలుసు. కిందటిసారి సర్వరు మీద ప్లాస్టర్ పొడి పేరుకుందని చెబితే, ఇక్కడ మనుషుల మీద కూడా ఉంటుంది, మీరు తుడిచి వెళ్తారా అని అడిగింది. ఆమె కార్ఖానా యజమాని కూతురు. వచ్చినవాళ్ళ కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దాన్ని స్కాన్ చేసి, కొలతలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. అతనికి 'కంప్యూటర్ గారు' అని పేరు పెట్టింది కూడా ఆమే. అతను వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు. తెలియదనో, తప్పయిందనో ఒప్పుకుంటే ఆ చదువుకే తలవంపులని నమ్మేవాడు.

బ్యాకప్ డిస్కు ఏదని అడిగితే ఆమె చేతిసంచీలోంచి తీసింది. తువ్వాలు విప్పి, పసిబిడ్డను అందించినట్టు అందించింది.

అతను తగిలించి చూశాడు. మళ్ళీ చూశాడు. మొదటి రోజు తాను దగ్గరుండి చేసిన కాపీ తప్ప అందులో ఇంకేమీ లేదు.

"ఇది సంచీలో ఎందుకుందండీ?"

"రోజూ ఆరింటికి ఊడదీసి ఇంటికి తీసుకెళ్తాను. పొద్దున్నే తెచ్చి పెడతాను. ఇక్కడ నిప్పంటుకుంటే రెండూ ఒకేసారి పోతాయి కదా."

"కాపీ పడేది రాత్రి పదింటికండీ."

ఆమె చేతిలోని తువ్వాలు మడిచింది. ఆ సంగతి ఎవరికి చెప్పారని నెమ్మదిగా అడిగింది. అతను ఎవరికీ చెప్పలేదు. డిస్కు ఇంటికి పోతోందని ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. జాగ్రత్తలో ఎవరికి వారు నూటికి నూరు, కలిపితే సున్నా.

అప్పుడే సర్వరు టిక్కుమంది. నాలుగు రోజులుగా ఆ చప్పుడు వింటున్నామనీ, బల్లి అనుకున్నామనీ ఆమె చెప్పింది. అతను చెవి ఒగ్గి విన్నాడు. లోపలి డిస్కు పోయేముందు చేసే చప్పుడది. మూడు నెలల్లో వచ్చిన తొంభై మూడు మంది కొలతలు అందులో తప్ప ఎక్కడా లేవు. చోటు చాలక అచ్చులు ఎప్పటికప్పుడు పగలగొట్టేశారు. డిస్కు ఆగిపోతే అంతమందీ ఊతకర్రల మీద మళ్ళీ రావాలి.

ఒక్కో ఫైలూ మెల్లగా బయటికి లాగడం మొదలుపెట్టాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"తప్పు నాది. మీరు ఎప్పుడు తాళం వేస్తారో అడగకుండా టైము పెట్టాను."

ఆమె వాదనకు సిద్ధమై నిలబడి ఉంది. ఆ మాటతో ఏం చేయాలో తోచక కుర్చీ లాక్కుని కూర్చుంది.

బయట వాన పట్టుకుంది. పని అంగుళం అంగుళంగా సాగుతోంది. ఆ తీరికలో బ్యాకప్ పద్ధతులు ఒక్కొక్కటే వివరించాడు. అదే పెట్టెలో రెండో డిస్కు పెడితే, పొరపాటున ఒకదాంట్లో చెరిపింది రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. ఇంటర్నెట్లో దాచుకోవచ్చు కానీ, వాన చినుకు పడితే అక్కడ నెట్ ఉండదని ఆమె పెదవి విరిచింది. చివరికి దారి చూపింది ఆమే. ఒంటిగంటకు అందరూ భోజనానికి కూర్చుంటారు, మిషన్లు ఆగుతాయి, కాపీ అప్పుడు పడనివ్వమంది. డిస్కులు రెండు కొనాలి. ఒకటి ఇక్కడుంటే ఒకటి ఇంట్లో, రోజూ మార్చుకోవాలి. అతను ఇంకో మాట చేర్చాడు. ప్రతి శుక్రవారం కాపీలోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, అది తెరుచుకుంటుందో లేదో చూడాలి.

"తెరిచి చూడనిది బ్యాకప్ కాదండీ, ఆశ."

"ఆ శుక్రవారం పని ఎవరు చేస్తారు?"

"నేనే వస్తాను."

"మీ కంపెనీ ఒప్పందంలో ఉందా?"

"లేదు."

ఆమె తల వంచుకుని తువ్వాలు మడత పెట్టసాగింది. అప్పటికే నాలుగు మడతలున్న తువ్వాలది.

ఐదు దాటింది. ఆఫీసుకు రాలేనని ఫోన్ చేశాడు. ఐదున్నరకు టిక్కు చప్పుడు ఆగింది, డిస్కు కూడా ఆగింది. తొంభై రెండు ఫైళ్ళు వచ్చాయి. ఒకటి రాలేదు.

ఆ ఒక్కటి కుట్టుపని నేర్పే ఒక పెద్దావిడది. ఎడమ కాలు. రెండు బస్సులు మారి వచ్చి అచ్చు ఇచ్చి వెళ్ళిన మనిషి. ఆమెను మళ్ళీ రమ్మనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. మర్నాడు ప్లాస్టర్ బస్తా బండికి కట్టుకుని వాళ్ళే వెళ్ళారు.

గుమ్మంలోనే అతను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పెద్దావిడ విన్నది, కత్తెర పక్కన పెట్టింది, కాలు చాపింది.

"కుట్టు తప్పితే విప్పి కుట్టమా నాయనా? కానివ్వండి."

కొలత టేపు చివర పట్టుకోమని అమ్మాయి అతనికిచ్చింది. అతను దాన్ని మెలితిప్పాడు, వదిలేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు. పెద్దావిడ కళ్ళద్దాల మీదుగా చూసింది.

"మీ ఆయనకి టేపు పట్టడం రాదేంటమ్మా?"

అతను చెవుల దాకా ఎర్రబడి, ఆమె కాదంటుందని ఎదురుచూశాడు. ఆమె టేపు సరిచేసి, అతని వేలు సరైన అంకె మీద ఉంచింది.

"నేర్పుతానండీ," అంది.

ఆ తర్వాత శుక్రవారాలు చాలా గడిచాయి. ఫైలు తెరవడానికి పది నిమిషాలు చాలు, అతను సాయంత్రం దాకా ఉండేవాడు. ఆరో శుక్రవారం ఆమె తండ్రి కళ్ళజోడు తుడుచుకుంటూ, మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ అని అడిగాడు. అతను తేదీతో సహా చెప్పాడు.

వాళ్ళిద్దరి సంగతి మీకు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. వాళ్ళ పొరపాటుకు విసుక్కోకుండా రెండోసారి కాలు చాపిన ఆ కుట్టు టీచరమ్మను మాత్రం గుర్తుపెట్టుకోండి.