పినాకిని తొలికోత

శనివారం పొద్దెక్కకముందే వీధిలో కోతబండ్లన్నీ మొదలయ్యాయి. అనంతపురంలో ఇప్పుడు శనివారమంటే కోతరోజు. ఇళ్ల పైకప్పుల మీద, దారుల పక్కన, ఆఖరికి బస్సులు ఆగే చోట కూడా చలువగడ్డి పెరుగుతుంది. అది నేలను చల్లబరుస్తుంది, గాలిలో తేమను పట్టి ఉంచుతుంది. వారం దాటితే మాత్రం ముదిరి, ఎండి, నిప్పంటుకుంటుంది. అందుకని ఎవరి వాటా గడ్డిని వాళ్లే కోసుకోవాలి. ఒకప్పుడు ఈ ఊళ్లో పచ్చగా కనబడ్డ ప్రతిదాన్నీ మేకలు తినేసేవని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఓబులేసు కూడా తన బండిని వాకిట్లోకి తెచ్చాడు. అతని ముందు కూతురు పినాకిని వంగి రాళ్లేరుతోంది. సీమ నేల కదా, పైన ఎంత గడ్డి పరిచినా రాళ్లు తేలుతూనే ఉంటాయి. కత్తికి రాయి తగిలితే ఎగిరి ఎవరి కంట్లోనో పడుతుంది. కోసేవాళ్ల ముందు ఒకరు నడుస్తూ వాటిని ఏరెయ్యాలి. అది చిన్నపిల్లల పని. పినాకినికి పన్నెండేళ్లు నిండాయి. ఆ వయసు పిల్లల్లో ఇంకా రాళ్లేరుతున్నది ఆ వీధిలో ఆమె ఒక్కతే.

పిల్లలకు ఏ పని ఎప్పుడు అప్పగించాలన్నది పూర్వం ఇంటికో తీరుగా ఉండేది. ఒకడు ఎనిమిదేళ్లకే పొయ్యి ముట్టించేవాడు. ఇంకొకడికి పెళ్లయ్యాక కూడా వాళ్లమ్మ చేపముళ్లు తీసిపెట్టేది. ఈడుకడియం వచ్చి ఆ తగువు తీర్చింది. ఆరేళ్లు రాగానే ప్రతి బిడ్డ ముంజేతికీ దాన్ని తొడుగుతారు. పట్టు ఎంత గట్టిది, చూపు ఎంతసేపు నిలుస్తుంది, భయపడితే ఊపిరి ఎలా మారుతుంది, తన మీద తనకు నమ్మకం ఎంత, అన్నీ అది చూస్తుంది. కత్తిపీటకు, పొయ్యికి, సైకిలుకు, కోతబండికి విడివిడిగా తీర్పు చెబుతుంది. ఇంకా ఈడు రాకపోతే పసుపు, వస్తే పచ్చ. పచ్చ రాని చెయ్యి పట్టుకుంటే ఏ యంత్రమూ కదలదు.

దాన్ని తయారుచేసినవాళ్లు మనసున్నవాళ్లే. తీర్పు పిల్లలకు చూపించరు. ప్రతి శనివారం పొద్దున కన్నవాళ్ల అరచేతిపలకకు పంపుతారు. యంత్రం నోట వినడం కంటే అమ్మ నోటో నాన్న నోటో వింటే బిడ్డకు బాగుంటుందని వాళ్ల ఉద్దేశం. ఆ తీర్పు కూడా వారం గడవగానే చెరిగిపోతుంది. ఫలానా పిల్ల ఫలానా ఏడు వెనకబడిందని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. ఇంత ఆలోచించినవాళ్లకు ఓబులేసు లాంటి తండ్రి ఒకడుంటాడని మాత్రం తోచలేదు.

ఓబులేసు చెడ్డవాడు కాదు. చలువగడ్డి ఆ వీధి దాకా రాకముందు, ఒక ఎండాకాలంలో వడదెబ్బ తగిలి భార్య పోయింది. అప్పటి నుంచి అతనికీ పిల్లకూ మధ్య మాటలు తక్కువ. ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు అడ్డు రాకుండా తిరిగేవాళ్లు. కానీ శనివారం రాళ్లేరేటప్పుడు పినాకిని నోరు విప్పేది. వారమంతా దాచుకున్నవన్నీ చెప్పేది. బళ్లో ఎవరు ఎవరితో పలకడం లేదు, లెక్కల అయ్యవారు కుర్చీలో ఎలా కునుకుతాడు, కలలో అమ్మ ఏ చీర కట్టుకుని వచ్చింది, ఇవన్నీ అతనికి శనివారమే తెలిసేవి. ఆ మాటలు వినబడాలని బండిని కావాలనే మెల్లగా నడిపేవాడు.

ఆమెకు పదేళ్లప్పుడు ఒక శనివారం పలక మీద పచ్చ వచ్చింది. పచ్చ వస్తే తొలికోత. ఆ తర్వాత పిల్లలు వీధి కోతజట్టులో చేరిపోతారు, శనివారాలు స్నేహితులతో పార్కుల వెంట తిరుగుతారు. ఓబులేసు పలక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పినాకిని అప్పటికే రాళ్లేరుతూ అమ్మ వచ్చిన కల చెబుతోంది. సగంలో ఆపి అడిగింది.

"కడియం ఏమనె నాయనా?"

"ఇంగా కాలేదంట పాపా. నువ్వు చెప్పు. అమ్మ ఏమనె?"

ఒక్క వారం అనుకున్నాడు. మరుసటి వారం కూడా అదే అనుకున్నాడు. తప్పు చేసేవాడికి రేపు ఎప్పుడూ ఉండనే ఉంటుంది.

ఆమె ఊరుకోలేదు. ఇటుకలు మోసి చేతులకు బలం పెంచుకుంది. ముగ్గుపిండితో గీతలు గీసి వాటి మీద వంకర పోకుండా నడవడం నేర్చుకుంది. తనకంటే చిన్నవాళ్లకు తొలికోతలైపోతుంటే వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చింది. ప్రతి శనివారం అడిగేది. తర్వాత ఎప్పుడైనా అడిగేది. చివరికి అడగడం మానేసింది. ఆమె అడగడం లేదు కదా అని ఓబులేసు కూడా పలక చూడటం మానేశాడు. కడియం మాట మానేసిన పిల్ల మెల్లమెల్లగా మిగతా మాటలూ మానేసింది. ఏ మాటల కోసం అబద్ధమాడాడో ఆ మాటలే అతనికి లేకుండా పోయాయి.

ఆ శనివారం కోత అయ్యాక ఓబులేసు గోడ పక్కన బండి కడుగుతున్నాడు. గోడ అవతల పక్కింటి వన్నూరమ్మ గొంతు వినబడింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు, పోయిన నెలే పచ్చ వచ్చింది.

"అక్కా, మా బండి ఆపేసే ఉండాది. ఊరికే పట్టుకో సూద్దాం."

"వద్దులే," అంది పినాకిని. "నా చేతులు మంచివి కావు."

బాధగా అని ఉంటే అతను తట్టుకునేవాడేమో. ఆమె మామూలుగా చెప్పింది, తన ఎత్తు ఎంతో చెప్పినట్టు. ఓబులేసు కడిగిన బండినే మళ్లీ కడుగుతూ ఉండిపోయాడు.

అదే సాయంత్రం వీధి చివర సాలమ్మవ్వ ఇంటికి వెళ్లాడు. ఆ వీధిలో తొలికోతలన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. పచ్చ ఎలాగూ ఉందనుకుని, వచ్చే శనివారం పినాకినిదని చెప్పాడు. ముసలామె కళ్లు తుడుచుకుని, "ఇన్నాళ్లకు కనికరించిందా కడియం," అంది. ఓబులేసు తల వంచుకున్నాడు.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి తొలికోత అయినా, ఆ శనివారం ప్రతి ఇల్లూ గేటు ముందు ఒక పట్టీ గడ్డి కోయకుండా వదిలేస్తుంది. ఆ పట్టీలన్నీ కలిపి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా బిడ్డ కోసుకుంటూ వెళ్లాలి. వెనకాల పెద్దవాళ్లు నడుస్తారు. అడ్డు మాట్లాడరు, సాయం చెయ్యరు. చివర బెల్లం పానకం.

మరుసటి శనివారం పినాకిని వాకిట్లోకి వచ్చేసరికి వీధి పొడవునా పట్టీ నిలిచి ఉంది. గేటు బయట జనం చేరారు.

"ఎవరిది నాయనా?"

"నీదే."

ఆమె ముఖం వికసించింది. ఓబులేసు ఆ ముఖాన్ని చూసి రెండేళ్లయింది. అంతలోనే ఆమె తన చేతుల వంక చూసుకుంది.

"నిజంగానా?"

"నిజం. పట్టుకో."

పిల్లల చేతికి బండి తొలిసారి కదలాలంటే కన్నవాళ్ల వేలిముద్ర కావాలి. అతను తన వేలిముద్ర వేశాడు. ఆమె పిడి పట్టుకుంది. బండి కదల్లేదు. మళ్లీ వేశాడు. అప్పుడు పలక తీసి చూశాడు. పసుపు.

లోపలికి పరుగెత్తి కడియం సహాయవాణికి ఫోను చేశాడు. అవతల ఒక ఆడమనిషి నెమ్మదిగా మాట్లాడింది.

"పాప పట్టు బాగుందండి. చూపు బాగుంది. బండి పట్టుకోగానే తన వల్ల కాదని లోపల బిగుసుకుపోతోంది. అందుకే పసుపు."

"ముందర పచ్చ ఉండె. రెండేళ్ల కిందటే వచ్చె. మీ కాడ ఉంటాది సూడండి."

"పాతవి చెరిగిపోతాయి కదండీ. మాకు కనబడవు. నీ వల్ల కాదని పాపకు ఎవరో చాలా కాలంగా చెబుతున్నట్టున్నారు. వాళ్లెవరో కనుక్కుని కొన్నాళ్లు దూరంగా ఉంచండి."

ఓబులేసు వాకిట్లోకి వచ్చాడు. పినాకిని పిడి వదిలేసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. అతను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పాపా, నేను అబద్ధం చెప్పినా. నీకు పదేళ్లకే పచ్చ వచ్చె. నేనే దాచిపెట్టినా."

"యాల దాచిపెడ్తావు?"

"నువ్వు రాళ్లేరతా నాతో మాట్లాడతా ఉంటివే. అది పోతాదని."

ఆమె ఆలోచించింది. తర్వాత చిన్నగా నవ్వింది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కబుర్లు విని నవ్వే నవ్వు.

"దానికెవరన్నా దాచిపెడ్తారా నాయనా? నన్ను ఊరడించేదానికి చెప్తాండావు."

"కాదు తల్లీ. మీ అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టు పెట్టొద్దు. అబద్ధానికి ఒట్టు పెడితే మంచిది కాదు."

రెండేళ్లు అతను ఏది చెబితే అది నమ్మిన పిల్ల, అతను చెప్పిన ఒక్క నిజాన్ని నమ్మలేకపోయింది. ఓబులేసు ఏడ్చాడు. భార్య పోయినప్పుడు కూడా కూతురి ఎదుట అలా ఏడవలేదు. ఆమె తన పావడా అంచుతో అతని ముఖం తుడిచి, గేటు దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, నాకు ఇంగా కాలేదంట. నేను బాధపడతానని మా నాయన పచ్చొచ్చిందని చెప్పినాడు. ఆయన్ను ఏమీ అనొద్దండి."

సాలమ్మవ్వ లోపలికి వచ్చి ఓబులేసు తల నిమిరింది.

"బిడ్డ కోసం ఇంతమందిలో మాట పోగొట్టుకుంటివి. తండ్రంటే నువ్వేరా."

"కాదవ్వా," అన్నాడు ఓబులేసు. "నిజంగా వచ్చె. నేనే చెప్పలేదు. నా మాట ఇనండి."

అందరూ జాలిగా తలలూపారు. కొందరు ముఖం తిప్పుకుని కళ్లు ఒత్తుకున్నారు. అతను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అదే మాట చెబుతున్నాడు. పినాకిని వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"చాల్లే నాయనా, లోపలికి పోదాం రా. నువ్వు చెప్పేకొద్దీ నాకు సిగ్గయితాంది."